గూడ్సు బండ్లు గుద్దుకుంటే ఎంక్వైరీ ఎవరు చేస్తారు?

చీపురుపల్లి శ్రీను | సోమవారం రాత్రి 9:12

రోజూ సాయంత్రం విశాఖ నుంచి పాసింజర్‌లో ఇంటికొస్తుంటాను. పదకొండేళ్లుగా సీజన్ టికెట్టే. కొత్తవలస దాటాక, కంటకాపల్లికీ అలమండకీ మధ్య బండి ఆగిందంటే చాలు, పెట్టెలో మాటలు ఆగిపోతాయి. ఆఖరి పెట్టెలో ఉన్నవాళ్లు తలుపు దగ్గరకెళ్లి వెనక్కి చూస్తారు. ఎందుకాగిందో అని ముందుకి చూడటం కాదు, వెనక నుంచి ఏదైనా వస్తోందా అని. 2023 అక్టోబరు 29 తర్వాత వచ్చిన అలవాటు ఇది. ఆ రాత్రి ఏడు గంటల వేళ పలాస పాసింజర్‌ను వెనక నుంచి రాయగడ పాసింజర్ గుద్దేసి 14 మంది పోయారు. మన జిల్లాల వాళ్లకి అంతకన్నా చెప్పక్కర్లేదు.

అసలు సంగతి. నిన్న ఆఫీసులో రెండు గూడ్సులు గుద్దుకున్న వీడియో ఒకటి చూస్తున్నాం. ఎక్కడిదో, ఎప్పటిదో. పక్క సీటాయన "జనం ఎవరూ లేరుగా, పోతే బొగ్గు పోయింది" అన్నాడు. ఇంజన్‌లో ఇద్దరున్నారు కదండీ అంటే, నిజమే సుమా అని టీ తాగేశాడు. అప్పట్నుంచి బుర్ర తొలిచేస్తోంది. పాసింజర్ బండి గుద్దుకుంటే రైల్వే భద్రత కమిషనర్ వస్తాడు, పేపర్లో వస్తుంది. గూడ్సుకి ఎవరొస్తారు? ఎవరు రాస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

పలాస జీడిపప్పు | 9:20

గార్డు మాస్టారిని పిలవండి బావూ. ఆయన రాకపోతే ఇక్కడ అందరం డ్రైవర్లమే.

తోటపల్లి కుర్రోడు | 9:24

ఎంక్వైరీ చేసి ఏటి చేస్తారు. క్రేన్ వస్తుంది, లైను క్లియరవుతుంది, ఎవడో ఒకడు సస్పెండ్ అవుతాడు. అయిపోయింది.

ఆమదాలవలస లక్ష్మి | 9:51

శ్రీను గారూ, మీ ప్రశ్న చూసి చట్టం తీసి చదివాను. (పిల్లల పేపర్లు దిద్దాల్సిన టైములో.) రైల్వే చట్టం, 1989. సెక్షన్ 114 ప్రకారం ప్రయాణికులున్న బండికి ప్రమాదం జరిగి ప్రాణం పోయినా, ప్రయాణికుడికి శాశ్వత వైకల్యం వచ్చేంత గాయమైనా, రైల్వే ఆస్తికి భారీ నష్టం జరిగినా రైల్వే భద్రత కమిషనర్ విచారణ చేయాలి. ఈ కమిషనర్లు రైల్వే మంత్రిత్వ శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. రైల్వే మీద రైల్వేయే తీర్పు చెప్పుకోకూడదని.

ఇక సెక్షన్ 115. కమిషనర్ విచారణ లేని చోట రైల్వే యంత్రాంగం తన విచారణ తనే చేయించుకోవాలి. గూడ్సూ గూడ్సూ గుద్దుకుంటే మామూలుగా పడేది ఇందులోనే. ఇంజన్‌లో ఉన్న ఇద్దరూ, వెనక ఉన్న గార్డూ మనుషులే గానీ చట్టం లెక్కలో "ప్రయాణికులు" కారు. ఈ ముక్క చదివాక కాసేపు అలాగే కూర్చున్నాను.

తోటపల్లి కుర్రోడు | 9:58

మేడం సెక్షన్లతో సహా వచ్చేశారు. నేను లేచిపోతున్నా.

రిటైర్డ్ గార్డు, విజయనగరం | 10:36

పిలిచారట. మందు వేసుకుని వచ్చాను.

లక్ష్మమ్మ చెప్పింది సరిగ్గానే ఉంది. శాఖాపరమైన విచారణ అంటే ఏమీ జరగదని మాత్రం అనుకోకండి. చాలా జరుగుతుంది. ఎలా జరుగుతుందో చెబుతాను, పాతికేళ్ల కిందటిది. యార్డు పేరు చెప్పను.

వర్షాకాలం, రాత్రి. నిలబడి ఉన్న ఖాళీ రేకును (రేకంటే వ్యాగన్ల వరస) వెనక నుంచి లోడు గూడ్సు తగిలింది. బ్రేకువ్యాను పప్పయిపోయింది. అందులో గార్డు లేడు, టీకి దిగాడు. అలా బతికాడు. నేను పక్క లైనులో ఇంకో బండి మీద ఉన్నాను కాబట్టి సాక్షినయ్యాను. రిలీఫ్ ట్రైను వచ్చేలోపే సూపర్‌వైజర్లు వచ్చేస్తారు. పట్టాల వాళ్లు ఒకరు, సిగ్నల్ వాళ్లు ఒకరు, లోకో ఇన్‌స్పెక్టర్, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్, వ్యాగన్ల వాళ్లు ఒకరు. ఐదుగురూ కలిసి ఒక జాయింట్ నోట్ రాయాలి. ఏమేం చూశాం, చక్రం ఎక్కడ దిగింది, బ్రేకు హ్యాండిల్ ఏ స్థానంలో ఉంది, సిగ్నల్ ఏ రంగులో ఉంది. స్పీడు రికార్డు సీలు వేస్తారు. రిలే రూముకి తాళం. డ్రైవర్‌కి ఊపిరి పరీక్ష. మిగిలిన వ్యాగన్లకి బ్రేకు పరీక్ష.

ఆ రాత్రి వ్యాగన్ బఫరే బల్ల. ఒకాయన నోట్లో టార్చి పెట్టుకుని రాస్తున్నాడు, ఇంకొకాయన కాగితం తడవకుండా గొడుగు పట్టాడు. అంతా సాఫీగా సాగి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. "లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటాడు" అని రాయాలా, "ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగలేకపోయాడు" అని రాయాలా. దాటాడంటే తప్పు మనిషిది. ఆగలేకపోయాడంటే బ్రేకులది, అంటే వ్యాగన్ల శాఖది. ఆ ఒక్క క్రియాపదం మీద గంటన్నర! చివరికి వ్యాగన్ల ఆయన సంతకం పెట్టి, కింద తన అసమ్మతి వేరే రాశాడు. ఏ శాఖ మనిషి ఆ శాఖను కాచుకుంటాడు. అది దుర్మార్గం కాదు నాయనా, వాడి ఉద్యోగం అది. అందుకే పైన ఎవరి వాడూ కాని ఒకడు కావాలి.

చీపురుపల్లి శ్రీను | 10:44

మాస్టారూ, అంతకీ దాటాడా, ఆగలేకపోయాడా?

రిటైర్డ్ గార్డు, విజయనగరం | 10:49

నాకు ఈ రోజుకీ తెలీదు. శిక్ష మాత్రం దాటినవాడికే పడింది.

కోటబొమ్మాళి 75 | 11:05

ఎంత చుట్టు తిరిగినా వచ్చి ఆగేది డ్రైవర్ దగ్గరే కదా. కంటకాపల్లి సంగతే చూడండి. ముందు బండి రూలు ప్రకారం మెల్లగా వెళ్లింది. వెనక బండి పాడైన ఆటో సిగ్నళ్లు (బండ్ల కదలికను బట్టి వాటంతటవే మారేవి) రెండు దాటుకుని వచ్చేసింది. సెల్‌ఫోన్లో క్రికెట్ చూస్తున్నారని 2024 మార్చిలో స్వయంగా రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవే అన్నారు. ఇంకేం కావాలి?

ఎర్రలైటు | 11:31

చాలా రోజులుగా చదివి వెళ్లిపోతున్నాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను. గూడ్సు మీద అసిస్టెంట్ లోకో పైలట్‌ని. డిపో పేరు అడగొద్దు.

కోటబొమ్మాళి గారూ, ఆ ఇంజన్‌లో ఉన్న ఇద్దరూ ఆ రాత్రే పోయారు. తిరిగి సమాధానం చెప్పలేనివాళ్ల మీద వేసిన మాట ఎంత సులువుగా అతుక్కుంటుందో మాకు తెలుసు. అది నిజమా కాదా అన్నది పక్కన పెడదాం. నిజమే అనుకోండి. ఒక మనిషి తల దించుకుంటే బండిని ఆపడానికి ఆ లైన్లో ఇంకో ఏర్పాటు ఏదీ లేకపోయిందా? నాకు భయం వేసేది అక్కడ.

మా ఇంజన్‌లో ఒక పరికరం ఉంటుంది, వీసీడీ అంటాం. నిమిషం పాటు ఏ హ్యాండిలూ కదపకపోతే లైటు మెరుస్తుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ బటన్ నొక్కకపోతే బ్రేకులు పడిపోతాయి. మంచిదే. కానీ రెండో నైటు, తెల్లవారుజామున మూడున్నర. లోపల వేడి, బయట ఒకటే చీకటి. బజర్ మోగుతుంది, బొటనవేలు వెళ్లి నొక్కేస్తుంది. నొక్కినట్టు నాకే తెలియదు. అది వేలు మేలుకుందని చెప్పగలదు, మనిషి మేలుకున్నాడని చెప్పలేదు. అందుకే సిగ్నల్ కనపడగానే ఇద్దరం చెయ్యెత్తి గట్టిగా రంగు చెప్పుకుంటాం. "డబుల్ ఎల్లో." "డబుల్ ఎల్లో." ఒకరి గొంతు తగ్గితే రెండో వాడు కసురుతాడు.

పాసింజర్ వాడికి కనీసం టైంటేబుల్ ఉంటుంది. మాకు కాల్ ఉంటుంది, అంటే డ్యూటీకి రమ్మనే పిలుపు. ఎప్పుడొస్తుందో తెలియదు, అన్నం తిని పడుకుందామంటే అప్పుడే మోగుతుంది. 2024 జూన్‌లో పంజాబ్‌లో సర్హింద్ దగ్గర నిలబడి ఉన్న గూడ్సును ఇంకో గూడ్సు గుద్దింది. సిబ్బందికి కునుకు పట్టేసిందని విచారణలో చెప్పారు. చదివి నవ్విన వాళ్లున్నారు. నేను నవ్వలేదు.

పలాస జీడిపప్పు | 11:38

మా బావమరిది కూడా అదే ఉద్యోగం. పండక్కి వచ్చి భోజనాల దగ్గర కూర్చుని నిద్రపోయాడు. చేతిలో అరిసె అలాగే ఉంది.

రిటైర్డ్ గార్డు, విజయనగరం | 11:52

సర్హింద్ గురించి ఒకటి మరిచిపోతున్నారు. దొర్లిన ఇంజన్ పక్క లైనుకి అడ్డం పడి, అటుగా పోతున్న కోల్‌కతా–జమ్మూ స్పెషల్‌కి రాసుకుంది. ప్రయాణికులకి ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది. గూడ్సు ప్రమాదం, పాసింజర్ ప్రమాదం అని రెండు జాతులు లేవయ్యా. అదే పట్టా, అవే సిగ్నళ్లు. మన విజయనగరమే చూడండి. హౌరా–చెన్నై లైను మీదకి రాయపూర్ లైను వచ్చి కలుస్తుంది, అవతల కొత్తవలసలో కిరండూల్ ఖనిజం కలుస్తుంది. 58 లోడు వ్యాగన్ల రేకంటే ఐదు వేల టన్నులు దాటుతుంది. దాని వెనకో ముందో మీ పాసింజర్.

బొబ్బిలి వీణ | మంగళవారం ఉదయం 7:15

నమస్తే. బొబ్బిలి మాది, ఉండేది టెక్సాస్‌లో. ఇక్కడి పద్ధతి చెబుతాను, పనికొస్తుందేమో చూడండి.

ఇక్కడ జాతీయ రవాణా భద్రతా మండలి అని స్వతంత్ర సంస్థ ఉంది. గూడ్సులు గుద్దుకున్నా వాళ్లు దిగుతారు. 2012 జూన్ 24న ఓక్లహోమాలో గుడ్‌వెల్ అనే ఊరి దగ్గర రెండు గూడ్సులు ఎదురెదురుగా గుద్దుకుని ముగ్గురు సిబ్బంది చనిపోయారు. పట్టపగలు, సిగ్నళ్లు బాగానే పనిచేస్తున్నాయి. మన దగ్గరైతే "డ్రైవర్ తప్పు" అని ఫైలు మూసేయడానికి అంతకన్నా ఏం కావాలి? వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఆ డ్రైవర్ కంటి వైద్యం కాగితాలు ఏళ్ల వెనక్కి తిరగేశారు. చూపు బాగా దెబ్బతింది, సిగ్నల్ రంగు సరిగా పోల్చుకోలేని స్థితి. అతను ఎర్ర సిగ్నల్‌ను లెక్కచేయకపోవడం కాదు, అతనికి అది కనపడలేదు. దాంతో ప్రశ్న మారిపోయింది. అలాంటి కళ్లున్న మనిషి వైద్య పరీక్ష దాటి ఇంజన్ ఎలా ఎక్కాడు?

ఇంటర్వ్యూలు, కొలతలు, ఫొటోలు అన్నీ జనం చూడటానికి పెడతారు. రాత్రుళ్లు చదువుతూ కూర్చుంటాను, మా ఆవిడ తిడుతుంది.

కోటబొమ్మాళి 75 | 7:40

అమెరికాలో అన్నీ బంగారమే అన్నమాట.

బొబ్బిలి వీణ | 8:02

అబ్బే, అలా అనలేదు. 1969లో ఒక గుద్దుడు తర్వాత, బండిని దానంతట అదే ఆపే వ్యవస్థ పెట్టండని ఆ మండలి అడగడం మొదలుపెట్టింది. ఆ మండలి సిఫార్సు చేయగలదు గానీ బలవంతం చేయలేదు. 2008లో లాస్ ఏంజెలెస్ శివారు చాట్స్‌వర్త్‌లో పాసింజర్ బండి గూడ్సును గుద్ది 25 మంది చనిపోయాక గానీ చట్టం రాలేదు. ఆ డ్రైవర్ డ్యూటీలో ఫోన్‌లో మెసేజీలు పంపుతున్నాడు. అది తేలింది. తేలాక కూడా "ఫోన్ వల్లే" అని వదిలేయకుండా ఆటోమేటిక్ బ్రేకు వ్యవస్థ తప్పనిసరి చేశారు. గడువు 2015 అన్నారు, పొడిగించి పొడిగించి 2020 చివరికి పూర్తిచేశారు. 1969 నుంచి లెక్కేసుకోండి.

తోటపల్లి కుర్రోడు | 8:10

హమ్మయ్య, అక్కడా అంతే. ఇప్పుడు కడుపు చల్లగా ఉంది.

రిలే రూము | 8:55

సిగ్నల్ శాఖలో పనిచేస్తాను. నిన్నట్నుంచి అందరూ డ్రైవర్ దగ్గరే తిరుగుతున్నారు, కాసేపు మా వైపు రండి.

ఒడిశాలో బాహానగా బజార్ స్టేషను, 2023 జూన్ 2. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ డ్రైవర్ తప్పేమీ లేదు. అతనికి మెయిన్ లైనుకి ఆకుపచ్చ సిగ్నల్ ఉంది. కానీ పాయింటు (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించేది) లూప్ లైనుకి, అంటే పక్క పట్టాకి, తిరిగి ఉంది. అక్కడ ఇనుప ఖనిజం గూడ్సు నిలబడి ఉంది. కారణం? లెవెల్ క్రాసింగ్ గేటు పనుల్లో లొకేషన్ బాక్సులో (పట్టాల పక్కన సిగ్నల్ వైర్లుండే పెట్టె) వైర్లు తప్పుగా కలిపారు. 290 మందికి పైగా పోయారు. కమిషనర్ రిపోర్టులో నన్ను వదలని ముక్క ఒకటుంది. అంతకు ఏడాది ముందు, 2022 మే 16న, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో బంక్రానయాబాజ్ స్టేషన్లో ఇలాంటి వైరింగ్ తప్పే జరిగింది. అప్పుడు సరిదిద్దుకుని ఉంటే ఇది జరిగేది కాదని రాశారు. అప్పుడెవరూ చావలేదు. కాబట్టి ఎవరూ చదవలేదు.

కవచ్, కవచ్ అంటారు కదా, బండిని దానంతట అదే ఆపే మన వ్యవస్థ, అది సిగ్నల్ చెప్పిన మాటే నమ్ముతుంది. సిగ్నలే అబద్ధం చెబితే కవచ్ కూడా దాని వెంటే పోతుంది.

చీపురుపల్లి శ్రీను | 9:03

అయితే కవచ్ వద్దంటారా? అది ఉంటే కంటకాపల్లి జరిగేదా?

రిలే రూము | 9:30

వద్దని ఎవరన్నారు? కంటకాపల్లి లాంటి వాటికి అదే మందు. పట్టాల మధ్య చిన్న ట్యాగులు, స్టేషన్లలో టవర్లు, ఇంజన్‌లో పెట్టె. ఎర్ర సిగ్నల్ వైపు తగ్గకుండా పోతుంటే బ్రేకు అదే వేస్తుంది. 2022 మార్చిలో మంత్రి ఇంజన్‌లో కూర్చుని చేసిన పరీక్షలో ఎదుటి ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో ఆపింది. మొదట దక్షిణ మధ్య రైల్వేలో సుమారు 1,465 కిలోమీటర్లు వేశారు. మార్గం వైపు కిలోమీటరుకి 50 లక్షల దాకా ఖర్చని రైల్వే లెక్క. పట్టాకి వేస్తే సరిపోదు, ప్రతి ఇంజన్‌కీ పెట్టాలి. పాసింజర్ ఇంజన్లకి పెట్టి గూడ్సు ఇంజన్లని చివరికి నెడితే, వెనక నుంచి వచ్చే గూడ్సుని ఎవరు ఆపుతారు?

ఆమదాలవలస లక్ష్మి | మధ్యాహ్నం 1:20

కాంచన్‌జంఘా ఎక్స్‌ప్రెస్ గురించి ఎవరూ ఎత్తలేదేం? 2024 జూన్ 17, పశ్చిమ బెంగాల్లో. దాన్ని వెనక నుంచి గుద్దింది గూడ్సే కదా. ఆ రోజు మధ్యాహ్నానికల్లా తప్పు గూడ్సు డ్రైవర్‌దే అని చెప్పేశారు, నాకు బాగా గుర్తు. అసిస్టెంట్ కూడా చనిపోయాడని ప్రకటించారు, ఆయన ఆస్పత్రిలో బతికే ఉన్నాడు.

రిటైర్డ్ గార్డు, విజయనగరం | 2:45

ఎత్తుదామనే అనుకున్నాను తల్లీ, నిద్ర పట్టేసింది.

అందరూ చదవాల్సిన కేసు అది. రంగాపాణి, చట్టర్‌హాట్ మధ్య పొద్దున్నుంచే ఆటో సిగ్నళ్లు పాడయ్యాయి. స్టేషన్లో టీఏ 912 అనే కాగితం ఇచ్చి పంపారు. ఎర్రగా ఉన్న సిగ్నళ్లు దాటడానికి అనుమతి అది. ఎంత వేగంతో అన్నది అందులో లేదు. ఆ పరిస్థితికి ఇవ్వాల్సిన కాగితం వేరే ఉంది. దానికి వేగం షరతు ఉంటుంది. కమిషనర్ లెక్క తీశాడు. ఆ పొద్దున ఆ కాగితం పట్టుకుని ఏడు బళ్లు వెళ్లాయి. గంటకి 15 కిలోమీటర్లు మించకుండా, సిగ్నల్ సిగ్నల్‌కీ నిమిషం ఆగుతూ వెళ్లింది ఒక్కటే. కాంచన్‌జంఘా. దాన్నే గూడ్సు గుద్దింది.

ఏడుగురిలో ఆరుగురు ఒకేలా అర్థం చేసుకున్నారంటే ఆ తప్పు ఆరుగురిలో ఉందా, కాగితంలో ఉందా? నేర్పినవాళ్లలో ఉందా? రిపోర్టు కూడా ఆ దారిలోనే వెళ్లింది. సిబ్బందికి సరిగా చెప్పలేదని, తప్పు కాగితం ఇచ్చారని రాసింది. ఆ బండిలో ప్రయాణికులు ఉండబట్టి కమిషనర్ వచ్చాడు, వచ్చాడు కాబట్టి మనకి ఈ లెక్క దొరికింది. ముందు ఉన్నదీ గూడ్సే అయ్యుంటే?

కోటబొమ్మాళి 75 | 3:10

ఈ లెక్క నాకు తెలీదు. నిన్న కాస్త తొందరపడ్డాను.

మోడరేటర్ | 3:30

కంటకాపల్లి ఫొటోలు రెండు తీసేశాను. చనిపోయిన వాళ్ల ఇంటివాళ్లు ఇక్కడ చదువుతారు. దయచేసి పెట్టొద్దు.

చీపురుపల్లి శ్రీను | రాత్రి 8:50

మా సీజన్ టికెట్ల వాళ్లం ఓ పాతికమందిమి ఉంటాం. ఒక అర్జీ పెడదామనుకుంటున్నాం. అడగాల్సింది లక్ష్మి గారు వాక్యం చేసిచ్చారు: "గూడ్సు బండ్ల ఢీకొట్టుడు విచారణల సారాంశం, ఉద్యోగుల పేర్లు లేకుండా, ప్రజలకు తెలిసేలా ఉంచాలి." 2012లోనే కాకోద్కర్ కమిటీ స్వతంత్ర భద్రతా ప్రాధికార సంస్థ పెట్టమందట. అది మన స్థాయి కాదు గానీ ఒక లైనులో గుర్తు చేస్తాం. లోకో సిబ్బంది విశ్రాంతి సంగతి కూడా రాయాలా, ఎర్రలైటు గారూ?

ఎర్రలైటు | 9:15

రాయండి. ఇప్పుడు రూలు నెలకి 30 గంటల విశ్రాంతి నాలుగుసార్లు, లేదా 22 గంటలది ఐదుసార్లు. మేం అడుగుతున్నది డ్యూటీ దిగాక ఇచ్చే 16 గంటలు అందులో కలిపేయకుండా, దాని మీద 30. మొత్తం 46. ఇలాగే రాయండి, "మానవతా దృక్పథంతో" అని మాత్రం రాయొద్దు. మీ ఆఖరి పెట్టె కోసం అని రాయండి.

చీపురుపల్లి శ్రీను | 9:22

మాస్టారూ, ఇంకొక్కటి. బండి ఆగినప్పుడు లోపల కూర్చున్న మాకు, అంతా రూలు ప్రకారం జరుగుతోందో లేదో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? ఊరికే టెన్షన్ పడటం తప్ప.

రిటైర్డ్ గార్డు, విజయనగరం | 10:05

ఉంది. ఆటో సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగాలి. కూత వేసి కదలాలి. వెనక గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, అనండి) తోకదీపం వెలుగుతోందో లేదో చూసుకుని, వెనక్కి ఎర్రదీపం చూపించాలి. కదిలాక రాత్రయితే 10 కిలోమీటర్ల వేగం. అంటే కిలోమీటరుకి ఆరు నిమిషాలు. కరెంటు స్తంభాల మీద పలక ఉంటుంది చూడు, పైన కిలోమీటరు నంబరు, కింద స్తంభం నంబరు. పై అంకె మారినప్పుడు వాచీ చూసుకో, మళ్లీ మారినప్పుడు చూసుకో.

తలుపు దగ్గర వేలాడి మాత్రం చూడకు. కిటికీలోంచి చూడు.

చీపురుపల్లి శ్రీను | బుధవారం రాత్రి 9:40

ఇవాళ అలమండకి ఇవతల ఆగింది. వేళ్లు మడుచుకుని లెక్కపెట్టాను. ఎదురుగా కూర్చున్న చేపల బుట్టల ఆవిడ "ఏటి బావూ, జపమా" అంది. సంగతి చెబితే ఆవిడా మొదలెట్టింది. 112 దగ్గర కూత వేశాడు, బండి కదిలింది. ఎనిమిది తక్కువ. నేనే తొందరగా లెక్కపెట్టానేమో. ఆవిడ లెక్క ఇంకా 90 దగ్గరే ఉంది.

వెనక తోకదీపం వెలుగుతోంది. అలమండలో దిగి చూశాను.